విస్తళ్ళ లెక్క

నా ఉద్యోగం ఏమిటో అమ్మకు చెప్పడం కష్టం. "గాలి కాలుష్యం మీద పని" అంటే, "అయితే నువ్వు వెళ్ళాక ఆ ఊళ్ళో పొగ తగ్గిందా?" అంటుంది. తగ్గించేది పొగను కాదమ్మా, పొగ లెక్కను అంటే, విజయవాడలో ఫోన్ పట్టుకుని కాసేపు మాట్లాడదు. తర్వాత, "దానికి అంత దూరం వెళ్ళాలా?"

ఇంగ్లండులోని లీడ్స్‌కు వచ్చి మూడేళ్ళయింది. బండ్ల పొగలోంచి, పెయింట్లలోంచి, చెట్ల ఆకుల్లోంచి గాలిలోకి చేరే కర్బన పదార్థాలు ఎండకు ముక్కలవుతాయి. ఒక్కో ముక్క ఇంకోదానితో కలుస్తుంది, మళ్ళీ విరుగుతుంది. నేల దగ్గర ఓజోన్ తయారయ్యేది ఈ గొడవలోంచే. ఆ చర్యలన్నీ వరసగా రాసిపెట్టిన పెద్ద చిట్టా పేరు మాస్టర్ కెమికల్ మెకానిజం. 1990ల్లో ఈ లీడ్స్‌లోనే తయారైంది. ఇప్పుడందులో 5,800కు పైగా పదార్థాలు, సుమారు 17,000 చర్యలు ఉన్నాయి. గాలిని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌లో యూరప్ ఆకాశాన్ని లక్షల గడులుగా కోసి, ప్రతి గడిలోనూ ఈ చిట్టా మొత్తం నడపాలంటే ఎంత పెద్ద కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది.

చర్యలు ఎక్కువ కావడం ఒక్కటే ఇబ్బంది కాదు, వాటి వేగాలు కూడా ఎక్కడా పొంతన కుదరవు. హైడ్రాక్సిల్ అనే రాడికల్ (దేనితోనైనా ఇట్టే కలిసిపోయే ముక్క) పుట్టి సెకను తిరక్కుండానే పోతుంది. మీథేన్ తొమ్మిదేళ్ళకు పైగా ఉంటుంది. ఇద్దర్నీ ఒకే లెక్కలో నడిపించాలంటే కంప్యూటర్ పొట్టివాడి అడుగులే వేయాలి. అందుకే అలాంటి రాడికల్స్‌కి ఒక ఉపాయం ఉంది: ఎంత వేగంగా పుడుతున్నాయో అంతే వేగంగా పోతున్నాయని అనుకుని, చిన్న సమీకరణంతో తేల్చేయడం.

రెండో ఉపాయం గుంపులు కట్టడం. దాన్ని నేను అక్క పెళ్ళప్పుడే చూశాను, అప్పుడు తెలియలేదు. వంటాయన పేర్లు అడగలేదు. "భీమవరం వాళ్ళు పాతిక, ఆఫీసు వాళ్ళు నలభై, పిల్లలు పదిహేను" అని నాన్న చెప్పుకుంటూ పోతే, ఆయన విస్తళ్ళు లెక్కేసుకున్నాడు. మా రంగంలో ఒక పేరున్న పద్ధతి అచ్చంగా ఇదే. ఒక్కో పదార్థం పూర్తిగా విరిగేలోపు ఎన్ని ఓజోన్ అణువులు పుట్టించగలదో చూసి, ఆ అంకె కలిసినవాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెడతారు. అలా 2008లో వచ్చిన స్కీమ్ సుమారు 430 పదార్థాలకు, 1,200 చర్యలకు దిగింది. దాన్ని ఇంకా కుదించడం నా పని.

తెలివి ఎక్కువై బోల్తాపడింది అక్కడే.

చిన్న పెట్టె లాంటి మోడల్ ఒకటి పెట్టుకుని, ఒక్కో చర్యా తీసేసి, ఓజోన్ ఎంత మారిందో చూసేవాణ్ణి. మారకపోతే కొట్టేయడమే. అలా పాన్ (PAN) కుటుంబం దొరికింది. పెరాక్సీఅసిటైల్ నైట్రేట్, దాని తోబుట్టువులు. 1950ల్లో లాస్ ఏంజెలస్ పొగలో జనం కళ్ళు మండించినవాటిలో ఇదొకటి. నా పెట్టెలో మాత్రం ఇలా పుట్టి అలా విడిపోతోంది. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించి మొత్తం కుటుంబాన్ని తీసేశాను. రన్ మూడో వంతు తొందరగా అయింది. ఆ రాత్రి ఆనందంతో పులిహోర చేసుకున్నాను. చింతపండు బ్రాడ్‌ఫర్డ్ నుంచి తెచ్చిందే.

ఏప్రిల్ నెలకి పెద్ద మోడల్ నడిపితే అసలు రంగు బయటపడింది. ఉండాల్సినదానికంటే ఊళ్ళ దగ్గర ఓజోన్ ఎక్కువ, ఉత్తర సముద్రం మీద తక్కువ. గ్రూప్ మీటింగ్‌లో మ్యాప్ చూపించాను. మా ప్రొఫెసర్ "ఇంట్రెస్టింగ్" అన్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం "తప్పు" అని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. (ఆవిణ్ణి పేరు పెట్టి పిలవమంటారు. మొదటి ఆరు నెలలు ఏ పేరుతోనూ పిలవలేదు, ఎదురుగా వెళ్ళి నిలబడి గొంతు సవరించుకునేవాణ్ణి.) తర్వాత ఒకే ప్రశ్న అడిగారు: "పెట్టెలో టెంపరేచర్ ఎంత పెట్టారు?"

ముప్పై.

ఎందుకు ముప్పై అంటే నా దగ్గర జవాబు లేదు. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చదవలేదు. వేసవి అనగానే చెయ్యి దానంతటదే ఆ అంకె కొట్టింది. బెజవాడలో పెరిగినవాడికి 30 అంటే ఫ్యాను రెండో నంబరులో పెట్టుకునే రోజు. లీడ్స్‌లో జులైలో కూడా 30 తగిలితే అది వార్త.

పాన్ సంగతంతా వేడిలోనే ఉంది. 25 డిగ్రీల దగ్గర గంటకు అటూ ఇటూగా విడిపోతుంది. సున్నా దగ్గర రోజుల్లోకి వెళుతుంది. బాగా ఎత్తున, చలి గాలిలో నెలలుంటుంది. అంటే ఓజోన్ పుట్టడానికి కావలసిన ఊరి నైట్రోజన్ ఆక్సైడ్లను మూట కట్టుకుని పైకెక్కి, వందల కిలోమీటర్లు పోయి, ఎక్కడో వెచ్చటి చోట దిగి మూట విప్పుతుంది. అక్కడ ఓజోన్ పుడుతుంది. నేను దాన్ని తీసేసరికి మూటలన్నీ ఊళ్ళోనే విడిపోయాయి. మేనమామను "భీమవరం వాళ్ళు పాతిక"లో కలిపేసినట్టయింది. విస్తరి లెక్క సరిపోతుంది. కానీ గంప ఎత్తే వేళకి మనిషి కనబడడు.

కుటుంబం మొత్తాన్ని వెనక్కి తేలేదు. పెద్దవాణ్ణి పేరుతో పెట్టి, తోబుట్టువులందర్నీ ఒకే పేరు కింద కట్టాను. సముద్రం మీద ఓజోన్ చాలావరకు దారికొచ్చింది. పెట్టె పరీక్షలు ఇప్పుడు మైనస్ 20 నుంచి మొదలవుతాయి. రన్ నెమ్మదించింది. ఈసారి పులిహోర చేసుకోలేదు.

ఇదంతా ఆదివారం అమ్మకు చెప్పాను. రసాయనాలు వదిలేసి మేనమామ దగ్గర పట్టుకుంది. "అక్క పెళ్ళికి మామయ్యకి శుభలేఖ ఆలస్యంగా వెళ్ళింది, గుర్తుందా? ఇప్పటికీ అంటూనే ఉంటాడు."

రేపటి నుంచి ఐసోప్రీన్ మీద కూర్చోవాలి. ఓక్ చెట్లు ఎండకు వదిలేది ఇదే. చిట్టాలో ఈ ఒక్కదానికే 1,900కు పైగా చర్యలున్నాయి.