పెరట్లో పెన్నేరు గడ్డ: జూలై నుంచి ఫిబ్రవరి దాకా

మహబూబ్‌నగర్ దగ్గర మా పెరడంతా ఎర్ర చల్క. కూరగాయలకు నీళ్లు పోయలేక విసిగి, ఒక మడిలో అశ్వగంధ వేశాను. మా ఇంట్లో పెన్నేరు గడ్డ అంటేనే తెలుస్తుంది.

జూలై: మంచి వాన పడ్డాక విత్తాను. గింజ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పాను.

సెప్టెంబరు: ఒత్తుగా మొలిచినవి పీకేసి ఎడం చేశాను. ముసురుకు నీళ్లు నిలిచిన మూలలో మొక్కలు వేరు కుళ్లి పోయాయి. గట్టు తెంపి నీళ్లు బయటికి వదిలాక మిగతావి నిలబడ్డాయి. యూరియా జోలికి పోలేదు, ఆకు ఏపుగా పెరిగితే మనకేం లాభం?

జనవరి: ఆకులు పండి రాలుతున్నాయి, పొరల్లోని కాయలు ఎర్రబడ్డాయి. అంటే తవ్వొచ్చు. ముందురోజు కొంచెం తడిపి గడ్డపారతో లేపితే వేరు తెగకుండా వచ్చింది. బొటనవేలంత లావువి కొన్నే, సన్నవే ఎక్కువ. ఆరిన వేరు టక్కున విరిగి లోపల తెల్లగా పిండిలా ఉంటే మంచి సరుకు. పీచు సాగితే ముదిరినట్టు. పచ్చి వేరు వాసన మాత్రం భరించలేం!

ఫిబ్రవరి: కడిగి, వేలెడు ముక్కలు కోసి ఆరబెట్టాను. తర్వాత పాలలో ఉడికించి, మళ్లీ ఎండబెట్టి దంచి, జల్లించాను. "పాలల్ల ఉడకకపోతే కడుపుల పడదు బిడ్డా" అని అత్తమ్మ పక్కనే కూర్చుంది. రాత్రిపూట అర చెంచా పొడి, గోరువెచ్చని పాలు, కాస్త బెల్లం.

నిద్ర బాగా పడుతోంది. నీరసం తగ్గింది కానీ ఆ పేరంతా పొడికి కట్టబెట్టను. అంతకుముందే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ వచ్చి, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వాడుతున్నాను. రక్తం తక్కువైతే ఈ గడ్డ దాన్ని పెంచదు. ఎప్పుడూ అలసటగా ఉంటే ముందు రక్తం, థైరాయిడ్, షుగర్ చూపించుకోవాలి. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు.

పక్కింటి వదిన ఆకులు అడిగింది, ఇవ్వలేదు. మందుల్లో ఆకు వాడొద్దని ఆయుష్ శాఖే 2021లో తయారీదారులకు చెప్పింది.

పండిన కాయల నుంచి విత్తనం తీసి పెట్టాను. ఈసారి మడి ఎత్తు వైపు మారుస్తున్నాను.