ఎస్‌జీటీకి బీఈడీనా, డీఈడీనా: కేసు చదివితే సిలబస్ కూడా కలిసొచ్చింది

ఎస్‌జీటీకి, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకి చెప్పే టీచర్ పోస్టుకి చదువుతున్న తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ. "అన్నా, బీఈడీ వాళ్లని ఎస్‌జీటీలో మళ్లీ కలుపుతారట కదా, ఇంక చదివి ఏం లాభం" అని ఇప్పటికీ మెసేజ్‌లు పెడుతున్నారు. నా మాట నమ్మక్కర్లేదు, దీని మీద 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీసి చదవండి. నా ప్రిపరేషన్‌లో బాగా పనికొచ్చిన పని అదే.

నాది వమరవల్లి డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) డీఈడీ, అంటే చిన్న తరగతులకి చెప్పడానికి ఇచ్చే శిక్షణ. తర్వాత శ్రీకాకుళంలో రూమ్ తీసుకున్నాం, రూమ్మేట్‌ది బీఈడీ బయాలజీ. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) వచ్చినప్పుడు ఎస్‌జీటీకి బీఈడీ వాళ్లకీ అవకాశం ఇచ్చారు, దాంతో ఒకే రూమ్‌లో ఉన్న ఇద్దరం ఒకే పోస్టుకి పోటీ అయిపోయాం. వాడు అన్నం వండితే నేను గిన్నెలు కడగడం మామూలుగానే నడిచేది గానీ, నోట్స్ మాత్రం ఎవరిది వాళ్ల దిండు కిందే ఉండేది. కొద్ది రోజులకే బీఈడీ వాళ్లకిచ్చిన ఆ అవకాశం మీద హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతుంటే వాడు ఫోన్ నా చేతికిచ్చి "చూడరా, మీవోళ్లు గెలిచారు" అన్నాడు. ఏమనాలో తెలీక టీ డబ్బులు నేనిచ్చేశాను.

అసలు తగువు 2018 జూన్ 28న మొదలైంది. బీఈడీ ఉన్నవాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకి అర్హులే, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని ఎన్‌సీటీఈ (టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ మండలి) నోటిఫికేషన్ ఇచ్చింది. 2021లో రాజస్థాన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. బీఈడీ అనేది పెద్ద తరగతులకి చెప్పడానికి ఇచ్చే శిక్షణ, చిన్నపిల్లలకి చెప్పే పద్ధతి వేరు, నాణ్యత లేని చదువు చెప్తే రాజ్యాంగం 21ఏ అధికరణం కింద పిల్లలకిచ్చిన చదువు హక్కుకి అర్థం లేదు అన్నది కోర్టు వాదన సారాంశం.

ఇప్పుడు డీఎస్సీ సిలబస్‌లోని విద్యా దృక్పథాల పుస్తకం తెరవండి. 21ఏ, విద్యాహక్కు చట్టం 2009, అందులో ఉపాధ్యాయుల అర్హతల గురించిన 23వ సెక్షన్, 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్, అన్నీ అక్కడున్నవే. బట్టీ పడితే వారానికి మర్చిపోయే సెక్షన్లు, ఎవరు ఎందుకు కొట్లాడారో తెలిశాక మళ్లీ చూసుకోవాల్సిన పనే పడలేదు నాకు. తీర్పులో ఇంగ్లీషు కష్టంగా ఉంటే రోజుకి నాలుగు పేరాలు చాలు.

బ్రిడ్జి కోర్సు గురించి ఒక జాగ్రత్త. అది చేస్తే ఎస్‌జీటీకి అర్హత వచ్చేస్తుందని ఎవరైనా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి. 2024 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన వివరణ ప్రకారం 2023 తీర్పుకి ముందే, బీఈడీకి అవకాశం ఇచ్చిన నోటిఫికేషన్ల మీద చేరినవాళ్ల ఉద్యోగాలకే రక్షణ, అదీ కోర్టు షరతులేవీ లేకుండా చేరి ఉంటేనే. ఆ కోర్సు వాళ్ల కోసం, కొత్తగా రాసేవాళ్ల కోసం కాదు.

స్టే వార్త వచ్చినప్పుడల్లా గ్రూపుల్లో రెండు వర్గాలూ తిట్టుకోవడం చూశాను (మావాళ్లూ తక్కువేం తినలేదు). ఆ టైమ్‌లో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) స్కోరు పెంచుకున్నవాళ్లు లాభపడ్డారు. లెక్క చూడండి: డీఎస్సీ మెరిట్‌లో టెట్ 150 మార్కులకి వెయిటేజీ 20, అంటే టెట్‌లో 15 మార్కులు పెరిగితే మెరిట్‌లో 2 మార్కులు. డీఎస్సీలో ప్రశ్నకి అర మార్కే కాబట్టి, అవి నాలుగు ప్రశ్నలతో సమానం. కటాఫ్ దగ్గర నాలుగు ప్రశ్నల తేడాలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులున్నా టెన్షన్ మాత్రం ఏం తగ్గలేదు.

బీఈడీ మిత్రులకి కూడా ఒక మాట: మా రూమ్మేట్ స్టే వచ్చిన మర్నాడే ప్రైమరీ పుస్తకాలు నాకిచ్చేసి పెద్ద తరగతులకి చెప్పే స్కూల్ అసిస్టెంట్ బయాలజీ పోస్టుకి మారిపోయాడు, టెట్ కూడా ఆ పోస్టుకి కావాల్సిన పేపర్ 2ఏ మీదకి మళ్లాడు. కేసు తేలేదాకా ఆగుదాం అనుకున్నవాళ్ల కంటే వాడికి ఏడాదికి పైగా టైమ్ కలిసొచ్చింది. ఆ తర్వాత దిండు కింద నోట్స్ దాచుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది, వాడి సైకాలజీ నోట్స్‌తోనే నేను రివిజన్ చేశాను.