ఫైబర్ రాని ఇంటికి మొబైల్ బ్రాడ్‌బ్యాండ్: నా అనుభవం

మా ఇంటికి ఫైబర్ ఇవ్వలేమని కంపెనీ తేల్చి చెప్పింది. ప్రధాన కేబుల్ మా వీధి మొదటి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి నేల తవ్వి కేబుల్ లాగడానికి అయ్యే ఖర్చు ఆ దారిలో ఉన్న కొద్దిపాటి ఇళ్ల నుంచి తిరిగి రాదని వారి లెక్క. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ ఉన్నా, ఎక్స్ఛేంజీ నుంచి దూరం పెరిగే కొద్దీ దాని వేగం పడిపోతుంది కనుక, ఇంట్లో ఒకరు వీడియో సమావేశంలో ఉన్నంతసేపూ మరొకరు చిన్న ఫైలు పంపాలన్నా ఆగవలసి వచ్చేది. ఇంటి నుంచే పని చేసే నాకూ, ఆన్‌లైన్‌లో పాఠాలు వినే పిల్లలకూ అది ఏ మూలకూ చాలలేదు. అందుకే మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే ఇల్లంతటికీ సరిపడే ఇంటర్నెట్ తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆ పనిలో అడుగడుగునా నాకు రుజువైనది ఒక్కటే: వేగం రూటర్ ధరను బట్టి రాదు, ప్లాన్ పేరును బట్టీ రాదు. మన ఇంట్లో ఏ చోట, ఏ టవర్ నుంచి, ఏ బ్యాండ్ (తరంగాల పౌనఃపున్య శ్రేణి) మీద, ఎంత శుభ్రమైన సిగ్నల్ అందుతోందన్న దాన్ని బట్టే వస్తుంది. కాబట్టి ముందు కొలవాలి, ఆ తరువాతే కొనాలి.

ఫోన్ తెర మీద కనిపించే గీతలతో ఈ పని జరగదు, ఎందుకంటే ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఆ ఫోన్ తయారుచేసిన వారి ఇష్టం. అసలు అంకెలు నెట్‌వర్క్ వివరాలు చూపే యాప్‌లలోనూ, రూటర్ సెట్టింగుల పేజీలోనూ దొరుకుతాయి. వాటిలో మొదటిది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ పంపే రిఫరెన్స్ సిగ్నల్ మన దాకా ఎంత బలంతో చేరుతోందన్న కొలత. దీన్ని డీబీఎం అనే శక్తి ప్రమాణంలో, మైనస్ అంకెలుగా చెబుతారు. మైనస్ 80 ప్రాంతంలో ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 కంటే దిగితే బలహీనమైనట్టు, మైనస్ 115 దగ్గరైతే కనెక్షన్ నిలబడటమే కష్టం. ఇందులో 3 డీబీ (డెసిబెల్) తగ్గితే శక్తి సగమవుతుంది, 10 డీబీ తగ్గితే పదో వంతు అవుతుంది. అందువల్ల మైనస్ 95కూ మైనస్ 105కూ మధ్య తేడా అంకెల్లో చిన్నగా కనిపించినా నిజానికి పదింతలు.

అంతకంటే ముఖ్యమైనది ఎస్ఐఎన్ఆర్ అనే రెండో అంకె. మనకు కావలసిన సిగ్నల్ ఒకవైపు, ఇతర టవర్ల జోక్యమూ రొదా కలిసిన మొత్తం మరొకవైపు పెట్టి తీసిన నిష్పత్తి అది. 20 డీబీ దాటితే అద్భుతం, 10 పైన ఉంటే బాగానే పనిచేస్తుంది, 0 దగ్గరికి వస్తే వేగం మీద ఆశ వదులుకోవలసిందే. దీనికి గట్టి కారణమే ఉంది. సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చూసుకునే, ఒక్కో సంకేతంలో ఎన్ని బిట్లు పంపాలో టవర్ నిర్ణయిస్తుంది. రొద ఎక్కువగా ఉంటే క్యూపీఎస్‌కే పద్ధతిలో సంకేతానికి 2 బిట్లే పంపుతుంది. శుభ్రంగా ఉంటే 256 క్యూఏఎం పద్ధతిలో 8 బిట్లు పంపుతుంది. తప్పులు సరిదిద్దడం కోసం అదనంగా చేర్చవలసిన బిట్లు కూడా శుభ్రమైన సిగ్నల్‌లో తగ్గుతాయి కనుక, అదే స్పెక్ట్రమ్ (కంపెనీకి దక్కిన తరంగాల వెడల్పు) మీద దక్కే వేగం నాలుగింతలు దాటిపోగలదు. జనమంతా కేకలు వేస్తున్న చోట గట్టిగా అన్న మాట కంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మెల్లగా అన్న మాటే తేటగా వినబడినట్టు.

మా ఇంట్లో ఇది కళ్లారా చూశాను. వీధి వైపు గదిలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 88 ఉండేది, కాని ఎస్ఐఎన్ఆర్ 3, 4 మధ్యే ఊగిసలాడేది, ఎందుకంటే అక్కడికి మూడు టవర్ల సిగ్నళ్లు దాదాపు సమానమైన బలంతో వచ్చి ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి. వెనుక వైపు గదిలో కిటికీ దగ్గర ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 101 మాత్రమే అయినా ఎస్ఐఎన్ఆర్ 14 దాకా వచ్చింది, ఎందుకంటే ఇంటి గోడలే మిగతా టవర్లను అడ్డుకుంటున్నాయి. గీతలు తక్కువగా కనిపించే ఆ వెనుక గదిలోనే వేగం రెండింతలకు పైగా వచ్చింది. కొలిచేటప్పుడు కిటికీని ఒకసారి తెరిచి, ఒకసారి మూసి చూడటం కూడా మంచిది. ఎండ వేడి రాకుండా లోహపు పూత వేసిన అద్దాలు సిగ్నల్‌ను 20 డీబీకి పైగా మింగేయగలవు, అంటే వందో వంతు కూడా లోపలికి రానివ్వకపోవచ్చు.

ఏ కంపెనీ కనెక్షన్ తీసుకోవాలన్నది కూడా ఇలాగే కొలిచి తేల్చుకున్నాను. తక్కువ గడువు ఉన్న ప్రీపెయిడ్ సిమ్‌లు తెచ్చి, ఒకే ఫోన్‌లో వేసి, ఒకే చోట నిలబడి, ఉదయమూ మధ్యాహ్నమూ రాత్రీ వేగం చూశాను. రాత్రి కొలతే నిజమైన పరీక్ష. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న ఒక 4జీ క్యారియర్ (ఒక బ్యాండ్‌లో కంపెనీ నడిపే తరంగ మార్గం), రెండు యాంటెన్నాల మైమోతో (ఒకేసారి రెండు డేటా ధారలు పంపే పద్ధతి), 64 క్యూఏఎంతో గరిష్ఠంగా ఇవ్వగలిగేది సెకనుకు 150 మెగాబిట్లు. అది ఒక్క ఇంటికి ఇచ్చే వేగం కాదు, ఆ సెక్టార్ (టవర్ ఒక దిక్కుకు సేవ అందించే భాగం) పరిధిలో అప్పుడు వాడుతున్న వారందరూ పంచుకోవలసిన వేగం. మధ్యాహ్నం అన్నిటికంటే ముందున్న నెట్‌వర్క్ రాత్రి భోజనాల వేళకు చతికిలబడింది. మధ్యాహ్నం రెండో స్థానంలో ఉన్నది మాత్రం రాత్రి కూడా మూడింట రెండు వంతులు నిలబెట్టుకుంది. నేను ఆ రెండోదాన్నే తీసుకున్నాను.

టవర్ ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. యాప్‌లో కనిపించే 4జీ సెల్ ఐడీని 256తో భాగిస్తే వచ్చే భాగఫలం ఆ టవర్ స్టేషన్ సంఖ్య, మిగిలే శేషం అందులోని సెల్ సంఖ్య. ఉదాహరణకు సెల్ ఐడీ 2586882 అయితే, స్టేషన్ సంఖ్య 10105, శేషం 2. వినియోగదారులు పంపిన కొలతలతో తయారైన టవర్ మ్యాపుల్లో ఆ సంఖ్య వెతికితే టవర్ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో దాదాపుగా తెలిసిపోతుంది. అక్కడ గుర్తించిన చోటు కొంత అటూ ఇటూ అయినా, యాంటెన్నా ఏ వైపు తిప్పి మొదలుపెట్టాలో తెలియడానికి అది చాలు.

బ్యాండ్ సంగతి కూడా చెప్పాలి. 700, 800, 900 మెగాహెర్ట్జ్ వంటి కింది బ్యాండ్లు దూరం వెళతాయి, గోడల్లోంచి దూరతాయి, కాని ఒక్కో కంపెనీకి వాటిలో దక్కే స్పెక్ట్రమ్ సాధారణంగా ఇరుకు. 1800, 2100, 2600 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో వెడల్పు ఎక్కువ దొరుకుతుంది, వేగమూ ఎక్కువే, కాని గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తాయి. ఇంటి లోపల పెట్టిన ఫోన్ బలమైన సిగ్నల్ వెతుక్కుంటూ కింది బ్యాండ్ మీదికి చేరి అక్కడే ఉండిపోతూ వచ్చింది. డాబా మీదికి వెళితే అదే టవర్ నుంచి 1800 బ్యాండ్ చక్కగా అందింది. అంటే పరికరాన్ని ఇంటి బయట పెట్టడమే మా ఇంటికి సరైన మార్గమని తేలిపోయింది.

పరికరం కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన వేగాన్ని పక్కన పెట్టి, మోడెమ్ కేటగిరీ, అంటే టవర్‌తో మాట్లాడే భాగపు సామర్థ్య స్థాయి, ఏమిటో చూశాను. కేటగిరీ 4 మోడెమ్ ఒకే క్యారియర్ మీద 150 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. కేటగిరీ 6 రెండు క్యారియర్లను కలిపి 300 దాకా, కేటగిరీ 12 మూడు క్యారియర్లను కలిపి 600 దాకా వెళ్లగలదు. ఇవన్నీ కాగితం మీది గరిష్ఠాలే అయినా, రద్దీ వేళలో ఒక బ్యాండ్ కిక్కిరిసి ఉన్నప్పుడు మరో బ్యాండ్ కూడా ఆసరాగా ఉండటం ఎంత మేలో వాడితే తెలుస్తుంది. మనం ఎంచుకున్న కంపెనీ బ్యాండ్లన్నీ ఆ మోడెమ్‌లో ఉన్నాయా, ఈథర్‌నెట్ పోర్టు 100 మెగాబిట్లదా గిగాబిట్‌దా అన్నవి కూడా చూసుకోవాలి. 5జీ పరికరం తీసుకోవచ్చు కదా అని అడిగిన వారున్నారు. 3,500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడిచే 5జీ మా డాబా మీదికి నిలకడగా అందలేదు కనుక, 4జీలోనే మంచి కేటగిరీ తీసుకున్నాను.

ఇక్కడే చాలామంది దృష్టికి రాని విషయం కేబుల్. రూటర్‌ను ఇంట్లో, యాంటెన్నాను డాబా మీద పెట్టి మధ్యలో సన్నని కోయాక్సియల్ కేబుల్ లాగితే, 2 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మీటరుకు దాదాపు 1 డీబీ దాకా నష్టం వస్తుంది. పది మీటర్ల కేబుల్‌తో, యాంటెన్నా కష్టపడి సంపాదించిన లాభమంతా దారిలోనే ఆవిరైపోతుంది. లావుపాటి మేలురకం కేబుల్ వాడితే నష్టం మీటరుకు 0.2 డీబీ ప్రాంతానికి తగ్గుతుంది గాని, మైమో కోసం అలాంటివి రెండు లాగాలి, అవి సులువుగా వంగవు. నేను మోడెమ్, యాంటెన్నా రెండూ ఒకే పెట్టెలో ఉండి బయట బిగించే రకం తీసుకున్నాను. దాని నుంచి ఇంట్లోకి వచ్చేది ఒక్క ఈథర్‌నెట్ కేబుల్. కరెంటు కూడా దానిలోనే వెళుతుంది, 100 మీటర్ల దాకా డేటాకు లోటు రాదు. ఎండకు పగలని బయటి రకం కేబుల్ వాడి, స్తంభానికి ఎర్తింగు, కేబుల్‌కు సర్జ్ రక్షణ పెట్టించాను. డాబా మీద లోహపు స్తంభం నిలబెట్టి పిడుగు సంగతి మరిచిపోవడం క్షేమం కాదు. ఇంట్లో పెట్టుకునే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం వెళ్లలేదు. చాలా దేశాల్లో అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం, పైగా అవి సిగ్నల్‌తో పాటు రొదను కూడా పెంచుతాయి.

బిగించిన రోజు మా అబ్బాయి కింద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎస్ఐఎన్ఆర్ చదువుతుంటే, నేను పైన పెట్టెను కొద్దికొద్దిగా తిప్పాను. తిప్పిన ప్రతిసారీ అంకె కుదురుకునేదాకా అర నిమిషం ఆగాం. "పదకొండు... పదమూడు... పన్నెండు, కొంచెం వెనక్కి నాన్నా... పదిహేడు, పంతొమ్మిది, ఇక కదపకు" అని వాడు అరిచిన చోట మరలు బిగించాను. ఆ దిక్కు సరిగ్గా టవర్ వైపు లేదు, కొంచెం పక్కకు ఉంది. టవర్‌కూ మాకూ మధ్య దట్టమైన చెట్లు ఉన్నాయి, ఆకుల్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. కొద్దిగా పక్కకు తిప్పితే ఆ చెట్ల అంచు దాటడమే కాక, జోక్యం చేసుకునే మరో టవర్ కూడా యాంటెన్నా చూపు నుంచి తప్పుకుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 84కు చేరింది. అన్నిటికంటే ఎక్కువగా మారింది అప్‌లోడ్. మన పరికరం గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితోనే పంపుతుంది, టవర్ పదుల వాట్లతో పంపుతుంది. అందుకే సిగ్నల్ బలహీనమైతే ముందుగా దెబ్బతినేది మన నుంచి వెళ్లే దారి. దిశ ఉన్న యాంటెన్నా రెండు వైపులా మేలు చేస్తుంది. ఇంట్లో 4, 5 మెగాబిట్ల దగ్గర కొట్టుమిట్టాడిన అప్‌లోడ్ 30 దాటింది.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. ఎవరైనా పెద్ద ఫైలు పంపడం మొదలుపెట్టగానే నా వీడియో సమావేశంలో మాటలు తెగిపోయేవి. మామూలుగా 40 మిల్లీసెకన్లు ఉండే పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం) అప్పుడు అర సెకను దాటేది. మోడెమ్‌లోనూ టవర్‌లోనూ ప్యాకెట్లు పెద్ద క్యూ కట్టడమే దీనికి కారణం, దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఇంటి లోపలి రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే, ఆ క్యూ పెరగకుండా చూసే సదుపాయం ఆన్ చేసి, కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, రాత్రి వేళ వచ్చే కనిష్ఠ వేగంలో 85 శాతం దగ్గర హద్దు పెట్టాను. పగటిపూట దక్కగల వేగంలో కొంత దీనివల్ల వదులుకోవలసి వస్తుంది. నాకు అది ఇష్టమైన బేరమే, ఎందుకంటే ఇంట్లో నలుగురు ఒకేసారి వాడుకునే కనెక్షన్‌కు గరిష్ఠ వేగం కంటే నిలకడ ఎక్కువ అవసరం.

బయటి నుంచి ఇంటి కెమెరా చూసుకోవాలనుకునే వారు మరో సంగతి తెలుసుకోవాలి. మొబైల్ కంపెనీలు సాధారణంగా ఒక పబ్లిక్ ఐపీ చిరునామాను చాలామందికి కలిపి ఇస్తాయి. రూటర్‌కు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే అది 2012లో ఇందుకోసమే కేటాయించిన ఉమ్మడి శ్రేణి, దాని మీద పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి మళ్లించడం) పనిచేయదు. నేను ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి రూటర్ నుంచి దానికి వైర్‌గార్డ్ టన్నెల్ (రహస్య సంకేతాల్లో నడిచే సొంత దారి) కట్టాను. కనెక్షన్ లోపలి నుంచి బయటికి మొదలవుతుంది కనుక ఏ అడ్డూ రాలేదు.

ప్లాన్ గురించి ఒక మాట. అన్‌లిమిటెడ్ అని ఉన్నా, ఎంత వాడకం తరువాత వేగం తగ్గిస్తారో, సిమ్‌ను ఇంటి రూటర్‌లో వాడనిస్తారో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాను. హెచ్‌డీ వీడియో గంటకు దాదాపు 3 జీబీ, 4కే అయితే 7 జీబీ దాకా తింటుంది. నలుగురున్న ఇంట్లో నెల లెక్క ఇట్టే పెరుగుతుంది.

మొదట్లో ఎస్‌క్యూఎం హద్దు లేకుండా కొలిస్తే పగలు 140 మెగాబిట్ల దాకా, రాత్రి 60కి తగ్గకుండా వచ్చేది. ఈ మధ్య ఆ టవర్ మీద కొత్తగా 2100 బ్యాండ్ పెట్టారు. మోడెమ్‌ను రెండు బ్యాండ్లకే పరిమితం చేసి ఉంచాను కనుక, ఆ హద్దు తీసేసి అంకెలు మళ్లీ రాసుకున్నాను. మూడో క్యారియర్ కలిశాక రాత్రి వేగం 80 దాటింది, ఎస్‌క్యూఎం హద్దును కూడా దానికి తగ్గట్టు పెంచాను.