మొదటి మూడు రోజులు చూసి ఏ కుక్కనీ తేల్చేయకండి

దిక్కులేని కుక్కల్ని, పిల్లుల్ని చూసుకునే షెల్టర్‌లో వాలంటీర్‌గా చేస్తున్నానని చెప్పగానే చాలామంది అనే మాట "అబ్బ, ఎంచక్కా కుక్కపిల్లలతో ఆడుకోవచ్చు కదా" అని. ఆడుకోవడమూ ఉంటుంది, లేదనను. కానీ పొద్దున్నే వెళ్ళగానే ఉండే పని కేజ్‌లు కడగడం, గిన్నెలు తోమడం, తడిసిన దుప్పట్లు తీసి కొత్తవి వెయ్యడం, ఎవరు తిన్నారు ఎవరు ముట్టుకోలేదు ఎవరికి మోషన్స్ అవుతున్నాయి అని చూసి షీట్‌లో రాయడం. నాకు ఇదంతా చాలా ఇష్టం. అక్కడికి వచ్చిపడ్డ ప్రాణికి ముందు కావాల్సింది భయం తగ్గడం, ఆ భయం తగ్గాలంటే అన్నం పెట్టేవాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు రోజూ అదే టైంకి అదే పద్ధతిలో వచ్చి వెళ్తుండాలి. వాలంటీర్ వల్ల అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం ఇక్కడే అని నా నమ్మకం.

కొత్తగా వచ్చిన కుక్కని కాసేపు గమనించండి. మూలకి పోయి గోడకి ఒత్తుకుని ముడుచుకుపోతుంది, తోక కాళ్ళ మధ్యకి వెళ్ళిపోతుంది, ఎదురుగా తిండేమీ లేకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల పక్కకి తిప్పేసుకుని కళ్ళు మాత్రం మనవైపే పెడుతుంది, అప్పుడు కంట్లో తెల్లభాగం ఒక పక్క బాగా కనిపిస్తుంది. ఇదంతా "దగ్గరికి రాకు" అని అది మర్యాదగా చెప్పడం. మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది, దాన్నీ పట్టించుకోకపోతే కరుస్తుంది, అప్పుడేమో ఆ కుక్క కరిచే రకం అని పేరు పెట్టేస్తారు. 1997లో అమెరికాలో ఒక షెల్టర్‌లో కుక్కల రక్తం తీసి చూస్తే, వచ్చిన మొదటి 3 రోజుల్లో ఉన్నవాటిలో కార్టిసాల్ అంటే స్ట్రెస్ హార్మోన్, అక్కడ 9 రోజులు దాటి ఉంటున్న కుక్కలకన్నా బాగా ఎక్కువగా ఉందని తేలింది. అంటే ఆ మూడు రోజుల్లో మనకి కనిపించేది దాని భయమే, అసలు స్వభావం ఎలాంటిదో తెలియాలంటే ఇంకా ఆగాలి. దత్తత కోసం వచ్చినవాళ్ళు ఒక్క చూపు చూసి "ఇది బాగా డల్‌గా ఉందండీ, వేరేది చూపించండి" అన్నప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

మా దగ్గరికి ఒక నల్ల కుక్క వచ్చింది, అందరం కర్రోడు అని పిలుస్తాం. ఎవరో చిన్నప్పుడు మెడకి తాడు కట్టి వదిలేశారు, అది పెరిగింది, తాడు పెరగలేదు, చర్మంలోకి దిగబడిపోయింది. డాక్టర్ గారు తాడు తీసి కుట్లు వేశాక కూడా మెడ వైపు చెయ్యి వస్తే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోయి ఊపిరి కూడా ఆపేసేవాడు. సరే అని నేను రోజూ వాడి కేజ్‌లోకి వెళ్ళి పక్కకి తిరిగి నేల మీద కూర్చునేదాన్ని, ఎదురుగా కూర్చోకూడదు, కళ్ళలోకి సూటిగా చూడకూడదు, మీదకి వంగకూడదు. చేతిలో ఏదో ఒక పుస్తకం పెట్టుకుని మెల్లగా పైకి చదివేదాన్ని, ఏం చదివామన్నది వాడికి అనవసరం, మన గొంతు ఎత్తూ పల్లం లేకుండా ఒకేలా వినిపిస్తుంటే చాలు. మధ్యమధ్యలో వాడివైపు చూడకుండానే ఒక చికెన్ ముక్క విసిరేదాన్ని. మొదట్లో నేను వెళ్ళిపోయాక తినేవాడు, తర్వాత నేనుండగానే తినేవాడు, తర్వాత ఒక రోజు వెనక నుంచి వచ్చి నా మోచేతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు, తడిగా చల్లగా తగిలింది, నేను కదలకుండా చదువుతూనే ఉన్నాను. ఇంకొన్నాళ్ళకి గడ్డం తెచ్చి నా మోకాలి మీద ఆనించాడు. గాయం మానిన చోట ఇప్పుడు మెడ చుట్టూ సన్నగా తెల్ల వెంట్రుకలు వచ్చాయి, ఆ తెల్ల గీత మీద వేళ్ళతో నిమిరితే కళ్ళు మూసుకుంటాడు.

ఇలా ఊరికే కూర్చోవడం చూసేవాళ్ళకి పనిలా కనిపించదు. షెల్టర్‌లో ఇంకా పెంచాల్సిన పని ఇదే అంటాను నేను. స్టాఫ్‌కి అంత టైం దొరకదు, ఒక్కొక్కరు చూసుకోవాల్సిన ప్రాణులు అన్ని ఉంటాయి. అందుకే అప్పుడప్పుడూ ఎప్పుడో వచ్చి ఫోటోలు దిగి వెళ్ళేవాళ్ళకన్నా వారంలో ఒక్క పూటే అయినా తప్పకుండా అదే పూట వచ్చేవాళ్ళు దొరికితే అక్కడివాళ్ళకి కొండంత అండ.

పిల్లుల దగ్గరికొస్తే లెక్కే వేరు. కుక్క భయపడితే ఎంతో కొంత చప్పుడు చేస్తుంది, పిల్లి మాత్రం అసలు లేనట్టే ఉండిపోతుంది, లిట్టర్ ట్రేలో, అంటే ఉచ్చ, దొడ్డి కోసం పెట్టే పళ్ళెంలో పడుకుని నిద్రపోతున్నట్టు నటిస్తుంది, చూసేవాళ్ళు అబ్బ ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటారు. దానికి దాక్కోవడానికి ఏదైనా ఇవ్వాలి, ఒక అట్టపెట్టె చాలు. 2014లో నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి పెట్టెలిచ్చి కొన్నిటికి ఇవ్వకుండా చూశారు, పెట్టె ఉన్నవాటికి మొదటి రోజుల్లో స్ట్రెస్ తక్కువగా ఉంది, అవి తొందరగా అలవాటు పడ్డాయి. ఖర్చు లేని పని ఇది, దయచేసి ఏ షెల్టర్‌లో ఉన్నా చెయ్యండి. ఇంకోటి, పిల్లివైపు చూస్తూ కళ్ళు సగం మూసి నిదానంగా ఆర్పండి, 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పరిశోధనలో అలా చేసినవాళ్ళకి పిల్లులు కూడా తిరిగి కళ్ళు ఆర్పాయి, తెలియని మనిషైనా సరే అలా చేస్తే దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. నేను ఏ పిల్లి కేజ్ ముందుకెళ్ళినా ముందు చేసేది అదే. నిమిరేటప్పుడు బుగ్గలు, గడ్డం కింద, చెవుల ముందు, అంతవరకే. కాసేపు నిమిరి చెయ్యి తీసెయ్యండి, ఇంకా కావాలంటే అదే తల తెచ్చి చేతికి రుద్దుతుంది, తోక నేలకేసి కొడుతుంటే ఇక చాలని అర్థం. గుర్ గుర్ అంటోంది కదా హాయిగా ఉందనుకోవద్దు, నొప్పితో ఉన్న పిల్లి కూడా అలాగే గుర్ గుర్ అంటుంది, మిగతా ఒళ్ళంతా ఏం చెప్తోందో చూడాలి.

తల్లి లేని పిల్లికూనలు వచ్చాయంటే మాత్రం అందరికీ నిద్ర ఉండదు. పుట్టినప్పుడు ఒక్కోటి సుమారు 100 గ్రాములు, అరచేతిలో పట్టేస్తుంది, కళ్ళు తెరవడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వీటికి ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. చల్లబడిపోయిన కూనకి పాలు పడితే అరగదు, ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పడుకోబెట్టి ఒళ్ళు వెచ్చబడ్డాకే పట్టాలి. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి, కూనల కోసమే తయారుచేసే మిల్క్ రీప్లేసర్ దొరుకుతుంది. పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్టే బోర్లా ఉంచి పట్టాలి, అదీ 2, 3 గంటలకోసారి రాత్రిళ్ళు కూడా. ఇక చాలామందికి తెలియని విషయం, ఆ వయసులో వాటంతట అవి ఉచ్చ పోసుకోలేవు, తల్లి నాకితేనే వస్తుంది, తల్లి లేదు కాబట్టి ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితో కింద మెల్లగా తుడవాలి. రోజూ గ్రాముల త్రాసు మీద పెట్టి బరువు రాయాలి, రోజుకి ఓ 10 గ్రాములైనా పెరుగుతుంటే ఊపిరి పీల్చుకోవచ్చు, పెరగడం ఆగిందంటే ఆ పూటే డాక్టర్‌కి చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా కొన్ని దక్కవు. రాత్రి పాలు తాగి పొట్ట గుండ్రంగా పెట్టుకుని పడుకున్నది పొద్దునకి ఉండదు. ఏడుపొస్తే ఏడుస్తాను, మిగిలినవాటికి మళ్ళీ పాల టైం అయి ఉంటుంది.

శుభ్రం గురించి కొంచెం చాదస్తంగానే చెప్తాను ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. కుక్కల్లో పార్వో అనే వైరస్ జబ్బు 1978లో బయటపడింది, ఓ రెండేళ్ళలోనే ప్రపంచమంతా పాకింది, టీకా వెయ్యని కుక్కపిల్లలకి వస్తే వాంతులు, రక్త విరేచనాలు, చూస్తుండగానే నీరసించిపోతాయి. పిల్లుల్లో దీనికి దగ్గరి చుట్టం పాన్‌ల్యూకోపీనియా. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది, మన చెప్పుల మీద, బట్టల మీద ఎక్కి పక్క గదిలోకి వచ్చేస్తుంది. అందుకే పని ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల దగ్గర మొదలుపెట్టాలి, తర్వాత పెద్దవి, ఐసోలేషన్‌లో, అంటే విడిగా ఉంచిన జబ్బువి అన్నిటికన్నా చివర, అక్కడినుంచి మళ్ళీ పిల్లల దగ్గరికి వెళ్ళడం అనేదే ఉండకూడదు. బ్లీచ్ పార్వోని చంపుతుంది కానీ మురికి మీద పోస్తే పనిచెయ్యదు, ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచ్ నీళ్ళు పోసి 10 నిమిషాలు అలా వదిలేసి, అప్పుడు మళ్ళీ బాగా కడగాలి. ఫీనాల్ ఉన్న క్లీనర్లు పిల్లుల గదిలోకి రానివ్వద్దు, వాటి లివర్ ఫీనాల్‌ని తట్టుకోలేదు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ కూడా పిల్లికి వెయ్యొద్దు, ఒక్క మాత్ర చాలు చంపేస్తుంది.

చేరేముందు మీరు కూడా రేబిస్ టీకా ముందుజాగ్రత్తగా వేయించుకోండి, టెటనస్ కూడా. పన్ను గాటు పడినా గోరు గీరుకున్నా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, టీకా ముందే వేసుకున్నాం కదా అని ఊరుకోకూడదు.

నేను ఇష్టంగా చేసే ఇంకో పని నోట్స్ రాయడం. వాకింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు దాన్ని తొందరపెట్టకుండా వాసనలు చూడనిస్తాను, కుక్కకి నాలుగు అడుగులు గబగబా నడవడం కన్నా ఒక్క చెట్టు దగ్గర తీరిగ్గా ముక్కు పెట్టి నిలబడటంలో ఎక్కువ హాయి ఉంటుంది, తిరిగొచ్చాక చూసినవన్నీ రాస్తాను. బైక్ శబ్దానికి బెదిరింది, పిల్లలు కనబడితే తోక ఊపింది, ఇంకో కుక్క ఎదురొస్తే నా వెనక నక్కింది, మెట్లు ఎక్కడం రాదు. "చాలా మంచి కుక్క" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఇలా రాస్తే ఇంట్లో ముసలివాళ్ళున్నవాళ్ళకి ఏది సరిపోతుందో, చిన్నపిల్లలున్నవాళ్ళకి ఏది సరిపోతుందో దత్తత చూసేవాళ్ళు చెప్పగలుగుతారు. తీసుకెళ్ళి మళ్ళీ తిరిగి తెచ్చి ఇచ్చేవాళ్ళుంటారు, వాళ్ళని తిట్టుకోవడం నాకు నచ్చదు. ఎందుకు కుదరలేదో కూర్చోబెట్టి అడిగి అది కూడా రాసిపెడితే తర్వాతి ఇల్లు సరిగ్గా దొరుకుతుంది, వదిలెయ్యకుండా తిరిగి తెచ్చినందుకే వాళ్ళకి ఒక దండం.

రాలేనివాళ్ళు, కేజ్‌లు చూడలేం అనేవాళ్ళు ఫోస్టర్‌గా చెయ్యొచ్చు, కొన్ని వారాలు మీ ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం. కూనలకైతే ఇది నిజంగా వరం, పిల్లి పిల్లలు మనిషికి అలవాటు పడే వయసు ముఖ్యంగా 2 నుంచి 7 వారాల మధ్యే, కుక్కపిల్లలకి 3 నుంచి 12 వారాలు, ఆ రోజులు కేజ్‌లో గడిచిపోతే తర్వాత చాలా కష్టపడాలి. మీ ఇంట్లో మిక్సీ చప్పుడు, కాలింగ్ బెల్, ఒళ్ళో పడుకోవడం అన్నీ అప్పుడే అలవాటైపోతాయి. ఇంట్లో ఇప్పటికే పెంపుడు జంతువులుంటే వాటి టీకాలు అయ్యాయో లేదో చూసుకుని, కొత్తగా వచ్చినవాటిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. అదీ వీలుకాకపోతే పాత టవళ్ళు, దుప్పట్లు ఉతికి మడతపెట్టి ఇవ్వండి, పాత న్యూస్‌పేపర్లు కూడా ఇవ్వండి, ఇచ్చేముందు ఒక్కసారి ఫోన్ చేసి ఈ వారం ఏం కావాలో అడగండి, వాళ్ళకి ఒక్కోసారి దుప్పట్ల కన్నా గ్లౌజులే అత్యవసరం అయి ఉంటాయి.