సార్ చేతిరుమాలు, ఐదో మెట్టు

మన పాత విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక ఇక తప్పించుకోలేక రాస్తున్నాను. "మన బడి నాకేమిచ్చింది" అని రెండు పేజీలు, ప్రస్తుత హోదా, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, గడువు ఆదివారం. ఫోన్ చేసిందెవరో మీకు చెప్పక్కర్లేదు. హోంవర్కు పుస్తకాలు వసూలు చేసినప్పటి గొంతే, పిసరంత కూడా మెత్తబడలేదు.

కూర్చుని తలుచుకుంటే ఒక్క గది తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. తొమ్మిదో తరగతి మొత్తం బుర్రలోంచి ఎగిరిపోయింది. పదో తరగతి చదివాననడానికి మార్కుల కాగితమే సాక్ష్యం. మిగిలింది ఎనిమిది, అందులోనూ సంగీతం గది, ఆ గదిలో గిటార్ సార్.

అప్పటికి నాకు మూడు కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుత్తులు, వచ్చు. సోడాబుడ్డికి నాలుగు, కాబట్టి వాడు నాకు సీనియర్. మేమిద్దరం ఎక్కడో విని 'ఏ' శ్రుతిలో ఒక బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటలు) నడక పట్టుకున్నాం. ఐదో తీగను వేలు పెట్టకుండా ఖాళీగా వదిలేసి, నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) చూపుడు వేలితో, నాలుగో ఫ్రెట్ ఉంగరం వేలితో. 'డి' కావాలంటే అదంతా నాలుగో తీగకు జరపాలి, 'ఈ' కావాలంటే ఆరో తీగకు. రెండు వేళ్ల పని, సగం సంగీతం తీగలే వాయించేసుకుంటాయి. ప్రపంచాన్ని జయించామనుకున్నాం.

సార్ మొత్తం విన్నారు. బావుందన్నారు. జేబులోంచి చేతిరుమాలు తీసి మడిచి, మెడ చివర తీగలు ఆనే నట్ పక్కనే తీగల కింద దోపారు. "ఇప్పుడు కానివ్వు" అన్నారు. ఖాళీ తీగ ఏది మీటినా టప్. ఇంకోటి మీటినా టప్.

"ఖాళీ తీగ పక్కింటివాళ్ల సైకిల్ రా. వాళ్లు ఇంట్లో ఉన్నంతసేపే నీది" అన్నారు.

తర్వాత నా వేళ్లు పట్టుకుని పెట్టారు. ఆయన ఫ్రెట్ అనరు కదా, వీణ మీద లాగా మెట్టు అంటారు. చూపుడు వేలు ఆరో తీగ ఐదో మెట్టులో, ఉంగరం వేలు ఐదో తీగ ఏడో మెట్టులో. అది స, ప. ఆ రెండు వేళ్లూ లేవకుండా చిటికెన వేలు అదే ఐదో తీగ మీద తొమ్మిదో మెట్టుకు చాచితే స, ద. రెండుసార్లు స-ప, రెండుసార్లు స-ద, మళ్లీ మొదటికి. ఒక్క ఖాళీ తీగ కూడా లేదు. అందుకే ఆ చెయ్యి ఎక్కడికి జరిపితే అక్కడ అదే నడక: మూడో మెట్టుకు తెస్తే 'జి', ఎనిమిదికి తోస్తే 'సి'.

చెప్పడానికి ఇంతే. నా చిటికెన వేలు మాత్రం తొమ్మిదో మెట్టు ఎక్కనని పంతం పట్టింది. ఎనిమిది దాకా వెళ్లి వణుకుతూ ఆగిపోయేది. దాన్ని కుడి చేత్తో లాగి పెట్టుకునేవాణ్ణి, అప్పుడు మీటడానికి చెయ్యి ఉండేది కాదు. సోడాబుడ్డి నవ్వు మీ అందరికీ తెలుసు, ఆ నవ్వు మధ్యలోనే నేర్చుకున్నాను. చివరికి అసలు లోపం వేలిలో లేదని సార్ కనిపెట్టారు. నా బొటనవేలు మెడ పైనుంచి తొంగిచూస్తోంది. దాన్ని మెడ వెనక మధ్యకు దించి, మణికట్టు కాస్త ముందుకు తోశారు. వేలు వెళ్లి తొమ్మిది మీద కూర్చుంది. నెల రోజుల ఏడుపుకు మందు బొటనవేలి దగ్గరుంది!

ఐదో మెట్టే ఎందుకని అప్పుడు అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత ఇంట్లో స్కేలు పెట్టి కొలిచాను. తీగ పొడవు 65 సెంటీమీటర్లున్న గిటార్‌లో ఐదుకీ తొమ్మిదికీ మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు. అదే ఆకారం మొదటి మెట్టు దగ్గర పట్టుకుంటే 12.5 దాటుతుంది. ఎనిమిది దగ్గర ఎనిమిదిన్నర లోపే. పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి మరి. ఇప్పుడు మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టించే గురువుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

లయ సంగతి బక్కోడే బాగా చెప్పగలడు, డెస్కు మీద వాయించి వాయించి బయట నిలబడిందీ వాడే. తకిట తకిట అనుకుంటూ మధ్యలో 'కి' మింగెయ్యమన్నారు సార్. త...ట, త...ట. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. కుడి అరచెయ్యి అంచు, అవతలి కొసన తీగలు కట్టిన బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి ఉంచితే ఆ కుంటినడక ఇంకా ముద్దుగా వినిపిస్తుంది. రెండూ సమానంగా వాయిస్తే చక్ బెర్రీ దారిలో రాకెన్‌రోల్‌లోకి పోతావు, పోవచ్చు గాని ముందు ఇది రానీ అన్నారు. ఈ నడక అసలు పియానో మీద ఎడమ చేతిదట. దాన్ని గిటార్ మీద నిలబెట్టినవాళ్లలో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ ఒకడని, 1936లో, 37లో రికార్డు చేసిన 29 పాటలే మిగిల్చి 38లో 27 ఏళ్లకే పోయాడని చెప్పి, ఎందుకో ఆ రోజు క్లాసు ముందే వదిలేశారు.

ఇక బోర్డు మీద పన్నెండు గళ్లు, ఒక్కో గడి ఒక బార్, అంటే ఒక ఆవర్తం. స నాలుగు, మ రెండు, స రెండు, ప ఒకటి, మ ఒకటి, స ఒకటి, చివరి గడిలో ప. మ కోసం చెయ్యి ఎక్కడికీ పోదు, అదే ఐదో మెట్టులో ఒక తీగ జరిగి ఐదో తీగ మీద కూర్చుంటుంది. ప అక్కణ్ణుంచి రెండు మెట్లు పైన. "పన్నెండు బార్లూ వరసగా తిరిగి, ఎక్కడా తూలకుండా ఇంటికి రావాలి" అని ఆయన గట్టిగా చెబుతున్నప్పుడే హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర ఆగారు. ఆ మొహం! మర్నాటి నుంచి సార్ నోట బార్ అన్న మాట వినలేదు. పన్నెండు గదులు అన్నారు, మనం ఆయన్ని పన్నెండు గదుల సార్ అన్నాం.

సరే, వార్షికోత్సవం. ఇన్నేళ్లుగా మీరు చెప్పుకుంటున్నది వేరు, జరిగింది ఇదీ. అరగంటలో మన పాట అనగా కోకిల వచ్చి గొంతు పట్టేసింది, 'ఏ'లో పైకి పాడలేను, 'జి'కి దించమంది. అందరికీ టెన్షన్. కేపో, అదే మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెడదామన్నాడు సోడాబుడ్డి. కేపో శ్రుతిని పెంచుతుంది గాని దించదు. 'ఏ' పట్టుతోనే 'జి' రావాలంటే దాన్ని పదో ఫ్రెట్ మీద బిగించాలి, అప్పుడు గిటార్ దోమలా పాడుతుంది. సార్ గది చివర నిలబడి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నేను చెయ్యి రెండు మెట్లు కిందికి జరిపాను. అంతే. చిటికెన వేలికి మాత్రం సెంటీమీటరు పైగా సాగుడు పెరిగింది, దాని బాధ దానిది.

స్టేజీ మీద పన్నెండు గదులు ఆరుసార్లు తిరిగాం. ఒక్క గది తప్పలేదు. కోకిల లెక్కల హోంవర్కు మీద మనం కట్టిన మూడో చరణం ఎత్తుకున్నప్పుడు ముందు వరసలో లెక్కల మేడమ్ కూడా నవ్వారు. చివరి స దగ్గర నాకు ఆవేశం వచ్చింది. ఇంత గొప్పగా వాయించినవాడు ముగింపు కూడా ఆరు తీగల మీద దద్దరిల్లించొద్దా? అచ్చమైన 'జి' కార్డు పట్టి పైనుంచి కిందికి ఒక్క దెబ్బ వేశాను.

శ్రుతి చేసుకున్నాక అలవాటు కొద్దీ చేతిరుమాలు మళ్లీ దోపింది నేనే. పాట మొత్తంలో ఖాళీ తీగ అవసరమే రాలేదు కాబట్టి అది ఉందనే గుర్తులేదు. ఆ కార్డులో నడిమి మూడు తీగలూ ఖాళీవే. మైకు సరిగ్గా అక్కడే ఉంది.

టప్.

హాలంతా నిశ్శబ్దం, ఆ తర్వాత మీరందరూ. అందరికంటే పెద్దగా నవ్వింది సార్. తెర పడ్డాక నా భుజం మీద చెయ్యి వేసి "టప్ ఒక్కటే, తప్పు ఒక్కటీ లేదు" అన్నారు. మీరు మొదటి ముక్క పట్టుకున్నారు, నేను రెండోది దాచుకున్నాను.

హోదా గడి దగ్గర కాసేపు ఆగాను. ఆఫీసులో నా కింద నలభై మంది పనిచేస్తారు, తలుపు మీద బోర్డు కూడా ఉంది, అది రాస్తే కమిటీవారు సంతోషిస్తారు. కానీ శనివారం సాయంత్రాలు నలుగురం కలిసి వాయిస్తాం. ముగ్గురికీ సోలో కావాలి. పాడేవాళ్లు ఎవరొచ్చినా, ఏ శ్రుతి అడిగినా, ముందు ఫోన్ వచ్చేది మాత్రం నాకే. మొన్న ఒకాయన ట్రంపెట్ పట్టుకొచ్చి బి ఫ్లాట్ అన్నాడు. మిగతావాళ్లు మొహాలు చూసుకునేలోపు ఆరో మెట్టు దగ్గర మొదలుపెట్టేశాను. అందుకని హోదా గడిలో రిథమ్ గిటార్ అని రాశాను. చేతిరుమాలు ఇంకా గిటార్ పెట్టెలోనే ఉంది, ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఫోటో వెనక పేరు కూడా రాయమన్నారు. రాశాను. కమిటీవారు దాన్ని అచ్చుతప్పు అనుకుని దిద్దకూడదని మనవి.

మీ
టప్