తపాలా బిళ్ళల క్విజ్: నిర్వాహకుడి నోట్సు

ఏప్రిల్

తపాలా బిళ్ళలు సేకరించే తెలుగువాళ్ళం కొందరం ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు ఫోన్లలోనే కలుసుకుని క్విజ్ ఆడుకుంటున్నాం. హైదరాబాదు, గుంటూరు, విశాఖపట్నాలలో ఉన్నవారు రాత్రి భోజనానికి ముందు, దుబాయ్‌లో ఉన్నవారు సాయంత్రం ఆరున్నరకు, డాలస్‌లో ఉన్నవారు ఉదయం తొమ్మిదిన్నరకు ఆటకు కూర్చుంటారు. వారానికి పన్నెండు ప్రశ్నలు. ఆట ముప్పావు గంటలో ముగుస్తుంది. ఈ నెల నుంచి ప్రశ్నలు తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు కాబట్టి, ఏ రకం ప్రశ్న రక్తి కట్టిందో, ఏది తేలిపోయిందో, బొమ్మలు ఎలా సిద్ధం చేసుకుంటున్నానో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటున్నాను. ఇలాంటి ఆట మొదలుపెట్టాలనుకునే ఇతర సేకర్తలకు కూడా ఇది పనికి రావచ్చు.

మొదటి వారాల్లోనే ఒక సంగతి స్పష్టంగా తేలింది. ‘ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ ఏది?’ అని అడిగితే, సేకరణలో కాస్త పాతబడిన ప్రతివారికీ 1840లో బ్రిటన్ విడుదల చేసిన పెన్నీ బ్లాక్ అని తెలుసు. తెలియనివారు ఫోన్‌లో వెతికితే అర నిమిషంలో దొరుకుతుంది. ఇలాంటి ప్రశ్న వల్ల తెలిసినవారికి కొత్తగా వచ్చేదేమీ లేదు, తెలియనివారికి మిగిలేదీ ఏమీ లేదు. జవాబు బిళ్ళ మీదే ఉండి, దాన్ని నిదానంగా చూసినవారికి మాత్రమే అందే ప్రశ్నలు కావాలని నిర్ణయించుకుని, అప్పటి నుంచి నా శ్రమంతా ఆ దిశగానే పెడుతున్నాను.

జూన్

పెన్నీ బ్లాక్‌నే మళ్ళీ తీసుకున్నాను, కానీ ఈసారి దాని మూలల్లోని అక్షరాల గురించి అడిగాను. విక్టోరియా రాణి తల బొమ్మ ఉన్న ఆ నల్లని బిళ్ళకు కింది రెండు మూలల్లోనూ ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. బిళ్ళలను అప్పట్లో వరుసకు పన్నెండు చొప్పున ఇరవై వరుసలుగా, అంటే షీటుకు 240 చొప్పున అచ్చువేసేవారు. బిళ్ళ వెల ఒక పెన్నీ, అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు కాబట్టి పూర్తి షీటు వెల సరిగ్గా ఒక పౌను. ఎడమ మూలలోని అక్షరం పైనుంచి ఎన్నో వరుసో చెబుతుంది, కుడి మూలలోనిది ఆ వరుసలో ఎన్నో బిళ్ళో చెబుతుంది. నకిలీలు తయారుచేసేవారికి పని కష్టం చేయడానికి ఈ ఏర్పాటు చేశారు. షీటులో మొదటి బిళ్ళకు రెండు వైపులా ‘ఎ’ ఉంటే, చిట్టచివరి బిళ్ళకు ఎడమ ‘టి’, కుడి ‘ఎల్’ ఉంటాయి.

నా దగ్గర పెన్నీ బ్లాక్ లేదు కాబట్టి గళ్ళ కాగితం మీద షీటు నమూనా గీసి, నాలుగు బిళ్ళలను మాత్రం పెద్దవిగా వేసి పంపాను. వాటిలో ఒకదానికి ఎడమ ‘సి’, కుడి ‘ఎమ్’ అని రాసి, ఈ నాలుగింటిలో అసలు ఉండటానికి వీల్లేనిది ఏదని అడిగాను. డాలస్‌లో ఇంటర్ వయసు అమ్మాయి ఒకరు, గుంటూరులో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఆ వారం ఒకే జట్టులో ఉన్నారు. ‘మాస్టారూ, ఎడమవైపు అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయండీ’ అని ఆ అమ్మాయి అంటే, ‘కుడివైపు కూడా చూడమ్మా, వరుసకు పన్నెండే కదా’ అని ఆయన అందించారు. పన్నెండో అక్షరం ‘ఎల్’ కాబట్టి పదమూడోదైన ‘ఎమ్’ కుడి మూలకు రాకూడదని ఆ అమ్మాయే వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. ఈ ప్రశ్నకు గూగుల్ సాయం అక్కరలేదు. వరుసకు ఎన్ని బిళ్ళలో చెబితే ఎనిమిదేళ్ళ పిల్లవాడైనా జవాబు కనుక్కోగలడు. ఇప్పటివరకు చేసిన వాటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే.

మార్కుల పద్ధతి కూడా ఈ నెలలోనే స్థిరపడింది. బొమ్మ ప్రశ్నలను మూడు అంచెల్లో చూపిస్తాను: ముందు బిళ్ళలో గోరంత ముక్క, నలభై సెకన్ల తర్వాత సగం, మరో నలభై సెకన్లకు మొత్తం. మొదటి అంచెలో చెప్పినవారికి ఐదు మార్కులు, రెండో అంచెలో మూడు, మూడో అంచెలో ఒకటి. జవాబులు అందరికీ కనిపించేలా కాకుండా నాకు మాత్రమే విడిగా పంపాలని నియమం పెట్టిన తర్వాత, ముందు పంపినవారిని చూసి రాసే అవకాశం పోయింది, ఆలస్యంగా ఆలోచించే పెద్దవారికీ ధైర్యం వచ్చింది.

ఆగస్టు

స్వాతంత్ర్య దినోత్సవం వారానికి ‘మొదటివి’ అనే అంశం పెట్టాను. ఈ అంశంలో ప్రశ్న రాయడం కత్తి మీద సాము, ఎందుకంటే ‘మొదటి’ అన్న మాట వెనుక షరతు ఒకటి తప్పక ఉంటుంది. ‘భారతదేశపు మొదటి తపాలా బిళ్ళ’ అని ఊరికే అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెబుతారు, ముగ్గురివీ సబబే అవుతాయి. సింధ్ ప్రాంతంలో అక్కడి బ్రిటిష్ కమిషనరు బార్టిల్ ఫ్రియర్ 1852 జూలై 1న ప్రవేశపెట్టిన ‘సింద్ డాక్’ ఆసియాలోనే మొదటిది, పైగా గుండ్రంగా ఉంటుంది; కానీ అది సింధ్ తపాలాకే పరిమితం. దేశమంతటా చెల్లే బిళ్ళలు 1854లో వచ్చాయి. స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చిన మూడున్నర అణాల జాతీయ పతాక బిళ్ళ; దాని మీద ‘జై హింద్’ అని ఉంటుంది. పతాక బిళ్ళను విదేశాలకు వెళ్ళే ఉత్తరాల కోసం తెచ్చారు. దేశంలోని ఉత్తరాల కోసం ఒకటిన్నర అణాల అశోక స్తంభం బిళ్ళ డిసెంబరు 15న వచ్చింది. అందుకే ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఏ పరిధిలో మొదటిదో ప్రశ్నలోనే రాస్తున్నాను.

‘బతికి ఉండగానే తపాలా బిళ్ళ మీదికి ఎక్కిన మొదటి వ్యక్తి’ అన్న ప్రశ్నకు కూడా ఇదే జాగ్రత్త అవసరం. బ్రిటిష్ పాలనలో రాజుల బొమ్మలతో వచ్చిన బిళ్ళలన్నీ బతికున్నవారివే కదా! ‘స్వతంత్ర భారతదేశంలో, బతికి ఉండగా, భారతీయుల్లో’ అని షరతులు కట్టిన తర్వాతే 1958లో నూరేళ్ళు నిండిన సంఘ సంస్కర్త ధోండో కేశవ్ కర్వే పేరు ఏకైక జవాబుగా నిలుస్తుంది.

ఆ వారంలో అందరినీ ఎక్కువసేపు పట్టి ఉంచింది 1948 ఆగస్టు 15 నాటి గాంధీజీ బిళ్ళలు. ఒకటిన్నర అణాలు, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు – మొత్తం నాలుగు. వాటి మీద ‘బాపు’ అన్న మాట హిందీలోను, ఉర్దూలోను ఉంటుంది. జీవితాంతం స్వదేశీ కోసం పాటుపడిన మనిషి బొమ్మను అచ్చువేయించింది ఏ దేశంలో అని అడిగితే, స్విట్జర్లాండు అన్న సంగతి సగం మందికి తెలియలేదు. దానికి జంటగా 2011లో ఖాదీ గుడ్డ మీద అచ్చయిన గాంధీజీ బిళ్ళను చూపించి, రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో ఒక్క వాక్యంలో రాయమన్నాను. దీనికి మార్కులు లేవు. అయినా అందరూ రాశారు, కొందరు పేజీలకు పేజీలు రాశారు.

బొమ్మల తయారీ గురించి ఇక్కడ రాసిపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఫోన్‌తో ఫ్లాష్ వేసి తీస్తే బిళ్ళ మీద వెలుగు మచ్చ పడి సన్నని గీతలు కనిపించవు కాబట్టి, ఇంట్లో ఉన్న స్కానర్ మీద 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తున్నాను. వెనుక నల్ల అట్ట పెడితే అంచు చిల్లులు స్పష్టంగా పడతాయి. స్కానర్ మూతను గట్టిగా నొక్కకూడదు, బిళ్ళను చేత్తో కాకుండా ట్వీజర్‌తోనే పట్టాలి. మెసేజ్‌లో మామూలుగా ఫోటోలా పంపితే యాప్ దాన్ని కుదించి పంపుతుంది, చిన్న అక్షరాలు అలికేసినట్టు అవుతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. ఈ చివరి సంగతి తెలిసిన తర్వాత ‘కనబడటం లేదండీ’ అన్న ఫిర్యాదులు దాదాపుగా ఆగిపోయాయి.

సెప్టెంబరు

నిజాం రాజ్యం తపాలా బిళ్ళల కోసం ఒక ఆదివారం మొత్తం కేటాయించాను, అది సార్థకమైంది. హైదరాబాదు సంస్థానం 1869 నుంచి సొంత బిళ్ళలు వాడింది. పలు బిళ్ళల మీద ఇంగ్లీషు, ఉర్దూలతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా కనిపిస్తాయి. నాణెం అంచు కన్నా సన్నగా ఉన్న ఆ తెలుగు అక్షరాలను పెద్దవిగా చేసి చూపించినప్పుడు ఎవరూ వెంటనే జవాబు పంపలేదు; అందరూ ముందు చదువుకున్నారు.

ఆ రోజు ప్రధాన ప్రశ్నను 1931లో మొదలైన బొమ్మల వరుసతో అల్లాను. అణా బిళ్ళ మీద చార్మినారు, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాదులోని విజయస్తంభం. ఈ ఆరు చోట్లూ ఈ రోజు ఎన్ని రాష్ట్రాల్లో ఉన్నాయన్నది ప్రశ్న. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్ సాగర్ తెలంగాణలో, బీదరు కర్ణాటకలో, అజంతా, దౌలతాబాదు మహారాష్ట్రలో ఉన్నాయి కాబట్టి జవాబు మూడు. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆ సంస్థానం ఎలా విడిపోయిందో పుస్తకంలో చదివినప్పటి కన్నా, ఆరు చిన్న కాగితం ముక్కలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

అక్కడి నుంచి గొలుసు ప్రశ్న ఒకటి వేశాను. నాలుగణాల బిళ్ళ మీది చెరువు ఎందుకు కట్టారు? 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన భయంకరమైన వరద వల్ల. మళ్ళీ అలా జరగకుండా మూసీ, ఈసీ నదుల మీద జలాశయాలు కట్టాలని సూచించిన ఇంజనీరు ఎవరు? మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ ఆ సూచనతో వచ్చినవే. మరి ఆయన బొమ్మతో బిళ్ళ ఎప్పుడు వచ్చింది? 1960 సెప్టెంబరు 15న, ఆయన బతికి ఉండగానే. ఆగస్టులో కర్వే గురించి అడిగిన ప్రశ్న గుర్తున్నవారికి ఇక్కడ అది కలిసివచ్చింది. ఒక బిళ్ళ దగ్గర మొదలుపెట్టి వరద, ఇంజనీరు మీదుగా ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాతి మరో బిళ్ళ దగ్గరికి వెళ్ళే ఇలాంటి గొలుసులు ఇంకా తయారుచేయాలని ఉంది. హైదరాబాదు పాతబస్తీ నుంచి ఆడే ఒక అక్కయ్య, వరద నాటి సంగతులు వాళ్ళ ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవి పంచుకున్నందువల్ల ఆ రాత్రి ఆట గంటన్నర దాకా సాగింది.

అక్టోబరు

అంచు చిల్లుల రౌండు ప్రయోగాత్మకంగా పెట్టాను. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు ఉంటే అంత పెర్ఫరేషన్ అంటారు. పై అంచున పద్నాలుగు, పక్క అంచున పదమూడున్నర ఉంటే ‘14 × 13½’ అని అడ్డం అంచును ముందు రాస్తారు. బిళ్ళ పక్కన స్కేలు పెట్టి స్కాన్ చేసి పంపితే, ఫోన్‌లో పెద్దది చేసుకుని లెక్కపెట్టారు. పెద్దవారికి కళ్ళు లాగాయన్న మాట నిజమే కనుక వచ్చేసారి లెక్కకు రెండు నిమిషాలు ఇస్తాను. బొమ్మ ఒక్కటే అయినా పెర్ఫరేషన్ తేడాతో వేరువేరు ముద్రణలు బయటపడతాయి కాబట్టి సేకర్తకు ఈ విద్య తప్పనిసరి.

బిళ్ళల మీద ఉండే దేశాల పేర్ల రౌండు త్వరగా అయిపోయింది. హెల్వేషియా అంటే స్విట్జర్లాండు, మాగ్యార్ అంటే హంగరీ, సువోమి అంటే ఫిన్లాండు అని చాలామందికి వచ్చు. తన పేరే రాసుకోని దేశం బ్రిటన్ అన్నది కూడా అందరూ చెప్పేశారు. దీన్ని ఇకమీదట పిల్లల వారానికే ఉంచుతాను.

తపాలా ముద్రల రౌండు మాత్రం ఊహించినదానికన్నా బాగా నడిచింది. వాడిన బిళ్ళ మీది ముద్రలో తేదీ చెరిగిపోయినా, పిన్ కోడ్ కనిపిస్తే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15కు తర్వాతిదని చెప్పవచ్చు, ఎందుకంటే పిన్ కోడ్ మొదలైనది ఆ రోజే. అంకెలు 50తో మొదలైతే తెలంగాణ, 51, 52, 53లతో మొదలైతే ఆంధ్రప్రదేశ్, 530 అయితే విశాఖపట్నం. మొదటి మూడంకెలు మాత్రమే ముద్రలో మిగిలిన ఒక బిళ్ళను మన పోస్టుమాస్టరు గారు చూడగానే ఊరు చెప్పేశారు. ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ అంకెలతోనే గడిచింది మరి.

బహుమతులుగా నా దగ్గర రెండోసారి చేరిన బిళ్ళలనే పంపుతున్నాను. వాటిని నున్నని పలచటి గ్లాసైన్ కవరులో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య ఉంచి, పైకవరు మీద కొత్త స్మారక బిళ్ళలు అతికించి, హైదరాబాదు అబిడ్స్‌లోని జీపీఓ (ప్రధాన తపాలా కార్యాలయం) కౌంటరులో ముద్ర తేలికగా వేయమని అడుగుతున్నాను. ఇలా చేస్తే గెలిచినవారికి లోపలి బిళ్ళలతో పాటు పైకవరు కూడా దాచుకోదగ్గదిగా అందుతుంది.

వచ్చే నెలకు 1854 నాటి నాలుగణాల రెండు రంగుల బిళ్ళ మీద గొలుసు ప్రశ్న సగం సిద్ధమైంది. రాణి తల తలకిందులుగా పడిన బిళ్ళ అందులోదే కాబట్టి, రెండు రంగులను రెండు విడతలుగా అచ్చువేయడం వల్ల ఆ పొరపాటు ఎలా సాధ్యమైందో బొమ్మలతో చూపించాలి. తెలుగు ప్రముఖుల బిళ్ళలతో మరో రౌండు కూడా రాస్తున్నాను: 1961 త్యాగరాజు, 1972 వేమన, 1974 వీరేశలింగం, 1986 అల్లూరి సీతారామరాజు, 1995 యల్లాప్రగడ సుబ్బారావు, 2009 పింగళి వెంకయ్య. ఈ బిళ్ళలు ఉన్నవారు స్కాన్ చేసి పంపితే వారి పేరుతోనే వాడుతాను. నవంబరు మొదటి ఆదివారం నుంచి అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, డాలస్‌వారు ఇకపై ఉదయం ఎనిమిదిన్నరకే సిద్ధంగా ఉండాలి.