ఇంటర్ అవ్వగానే జర్మనీ: పార్ట్‌టైమ్ లెక్క వేరు

బంధువుల్లో ఎవరు ఫోన్ చేసినా తిన్నావా అనే ముందు "పార్ట్‌టైమ్ దొరికిందా?" అనే అడుగుతారు. వాళ్లు చూసిందంతా ఎమ్మెస్‌కి వెళ్లిన అన్నయ్యల్ని, అందుకే అలా అడుగుతారు. ఇంటర్‌తో వచ్చినవాళ్ల సంగతి వేరు.

జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయినా, మన దగ్గరే యూనివర్సిటీలో ఒక ఏడాది పాసైనా ఇక్కడ బ్యాచిలర్స్‌కి నేరుగా అప్లై చేసుకోవచ్చు. ఆ రెండూ లేని నాలాంటివాళ్లు మాత్రం ముందు స్టూడియన్‌కోలెగ్ అనే ప్రిపరేటరీ కాలేజీలో మామూలుగా రెండు సెమిస్టర్లు చదవాలి, లెక్కలూ ఫిజిక్సూ అన్నీ జర్మన్‌లోనే. చివరి పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి ఒక్క చాన్సే.

డబ్బుల విషయానికొస్తే, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నాన్నవే, కానీ అవి నెలకి 992 చొప్పునే బయటికొస్తాయి. అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్, ట్రైన్ పాస్ పోగా మిగిలినదాంట్లోనే తిండి, ఫోన్, చలికోటు అన్నీ. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కాబట్టి శనివారం సాయంత్రమే బియ్యం, పాలు చూసుకోవాలి, అమ్మ ఉంటే ఇవన్నీ మనకి పట్టేవా?

2024 మార్చికి ముందు స్టూడియన్‌కోలెగ్‌లో ఉన్నవాళ్లకి మొదటి ఏడాది సెలవుల్లో తప్ప పని చేసే అనుమతే లేదు. ఇప్పుడు ఏడాదికి 140 పూర్తి రోజులు చేయొచ్చు. చేయొచ్చు కదా అని అన్ని రోజులూ చేస్తే చదివేదెప్పుడు?

నేను శనివారాలు మాత్రం ఒక బేకరీలో చేస్తున్నా. ఫ్రెండ్ వేర్‌హౌస్‌లో ఇంకొంచెం ఎక్కువ సంపాదిస్తాడు, కానీ రోజంతా స్కానర్ పట్టుకుని తిరగడమే, ఎవరితోనూ మాట్లాడే పనే ఉండదు. నాకైతే పొద్దున్నే వచ్చే ముసలావిడ యాసలో ఏదో రొట్టె అడుగుతుంది, అర్థం కాకపోతే విసుక్కోకుండా వేలితో చూపిస్తుంది, క్లాసులో ఎంత చెప్పినా ఎక్కని జర్మన్ అలా ఎక్కుతోంది. అందుకే 2025లో గంటకి 12.82 యూరోలుగా ఉన్న కనీస వేతనం లాంటిదాని మీద ఇంకో యూరో ఎవరిస్తారా అని వెతికేకంటే, ఈ వయసులో నోరు తెరవాల్సొచ్చే పనే చూసుకోమంటాను.

లోన్ ఈఎంఐ కూడా పార్ట్‌టైమ్‌తోనే కట్టేయొచ్చని ఎవరైనా కన్సల్టెంట్ చెబితే మాత్రం, ఆ చివరి పరీక్ష సంగతి కూడా అతన్నే అడగండి.